ఏప్రిల్‌లో టిల్లమూక్ వైపు స్టీల్‌హెడ్, ట్రౌట్: ఏ వారాంతం వెళ్తే మంచిది?

మీరు అడిగింది ఇదీ: హిల్స్‌బోరోలో ఉంటున్నారు, ఏప్రిల్‌లో మీ నాన్నగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు, ఆయనకి గేలం వేయడం అంటే ప్రాణం. ఒరెగన్ తీరం వైపు నదుల్లో స్టీల్‌హెడ్, అక్కడి సరస్సుల్లో ట్రౌట్ పట్టించాలని ఉంది. ఏ వారాంతానికి హోటల్ బుక్ చేసుకోవాలి?

ట్రౌట్‌కైతే ఇవాళే తేదీ చెప్పొచ్చు. స్టీల్‌హెడ్‌కి నెల ముందు తేదీ పెట్టుకోవడం దండగ. అసలు హోటల్ అక్కర్లేదు. హైవే 6 ఎక్కితే గంటలోపే విల్సన్ నది పక్కన ఉంటారు, ఇంకాసేపటికి టిల్లమూక్. తెల్లవారుజామున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. హోటల్ డబ్బులు కట్టేశాం కదా అని బురద నీళ్ళలో నిలబడే వాళ్ళని ప్రతి వసంతంలోనూ చూస్తుంటాను.

మీ నాన్నగారు గోదావరి మనిషి కాబట్టి ఆయనకి స్టీల్‌హెడ్ గురించి చెప్పడం చాలా తేలిక. పులస లాంటిదే అనండి. పుట్టింది మంచినీళ్ళలో, బలిసింది సముద్రంలో, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికి ఎదురెక్కుతుంది. జాతి వేరనుకోండి, స్టీల్‌హెడ్ నిజానికి సముద్రానికి వెళ్ళొచ్చిన రెయిన్‌బో ట్రౌటే. ఏట్లోనే ఉండిపోయిన దాని తోబుట్టువు జానెడు దాటడానికి తంటాలు పడుతుంటే, ఇది రెండు మూడేళ్ళు సముద్రంలో తిని మూడు నాలుగు కిలోలై వస్తుంది. ఒక్క తేడా మాత్రం ఆయనకి గట్టిగా చెప్పాలి. గోదావరికి ఎర్రనీరు రాగానే పడవలు, వలలు బయటికొస్తాయి. ఇక్కడ వరద నీటితో చేప ఎక్కడం నిజమే గానీ, మనకున్నది గేలం ఒక్కటే. ఎర చేపకి కనపడాలి. కాబట్టి వరద వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని, అది తీస్తున్నప్పుడు వెళ్ళాలి. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే.

టిల్లమూక్ చుట్టుపక్కల నదులు, అంటే విల్సన్, ట్రాస్క్, కిల్చిస్, నెస్టుక్క, మయామీ, అన్నీ కోస్ట్ రేంజ్ కొండల్లో పుట్టిన పొట్టి నదులు. పైన మంచు నిల్వ పెద్దగా ఉండదు. మౌంట్ హుడ్ నుంచి వచ్చే శాండీ లాంటి వాటికి ఎండ కాస్తే మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, వీటికి ఆ గొడవ లేదు. వీటి బతుకంతా వాన మీదే. టిల్లమూక్‌లో ఏడాదికి దాదాపు 90 అంగుళాల వాన పడుతుంది, కొండల మీద ఇంకా ఎక్కువ. రాత్రి గట్టి వాన పడితే పొద్దున్నకి నది కాఫీ రంగులో ఉంటుంది. వాన ఆగితే రెండు మూడు రోజుల్లో మళ్ళీ దారికొస్తుంది. ఎక్కడం గంటల్లో, దిగడం రోజుల్లో. ఆ దిగే రోజుల్లో మధ్యలో ఎక్కడో ఒకటి రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంటాయి. మీ శనివారం వాటి మీద పడిందా, అదృష్టం.

ఆ రోజుని పట్టుకోవడానికి జాతకం అక్కర్లేదు, గేజ్ చూస్తే చాలు. నదుల నీళ్ళు కొలిచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ళ సైట్‌లో విల్సన్‌కి టిల్లమూక్ దగ్గర, నెస్టుక్కకి బీవర్ దగ్గర నీటిమట్టం అడుగుల్లో కనిపిస్తూనే ఉంటుంది. నేషనల్ వెదర్ సర్వీస్‌కి చెందిన నార్త్‌వెస్ట్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ రాబోయే రోజులకి అంచనా గీత కూడా గీసి పెడుతుంది. విల్సన్ విషయంలో నేను ఐదు, ఆరు అడుగుల మధ్య ఉండి గీత కిందికి దిగుతుంటే బండి తీస్తాను. ఏడు దాటితే సరస్సుకే. నాలుగుకి పడిపోతే నీళ్ళు అద్దంలా ఉంటాయి, అప్పుడు పట్టడం వేరే విద్య, దాని గురించి కింద చెప్తాను. ఇంకో మాట. గేజ్ మీది అడుగులు నది లోతు కాదు. ప్రతి గేజ్‌కీ సున్నా ఎక్కడ పెట్టుకున్నారో అక్కడి నుంచి లెక్క. విల్సన్‌లో ఐదడుగులు బాగుందని నెస్టుక్కలోనూ ఐదు కోసం వెతికితే లాభం లేదు. ఒక్కో నదికీ మీ అంకె మీరే రాసి పెట్టుకోవాలి.

అంకె కంటే గీత ఎటు పోతోందన్నది ఇంకా ముఖ్యం. ఐదున్నర దగ్గర ఉండి పెరుగుతున్న నదిలో ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటాయి, రంగు నిమిషనిమిషానికీ పాడవుతుంది, గేలానికి చెత్త తప్ప ఏమీ తగలదు. అదే ఐదున్నర దగ్గర దిగుతున్న నదిలో నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరుగుతాయి. ఇక్కడి వాళ్ళు స్టీల్‌హెడ్ గ్రీన్ అంటారు. మోకాలి లోతులో నిలబడితే మీ బూట్లు మసకగా కనపడాలి. అసలు కనపడకపోతే బురద, లేసులు కూడా కనపడితే మరీ తేట.

అన్నీ ఒకేసారి తేరుకోవు. కిల్చిస్ లాంటి చిన్నవి ముందు తేరుకుంటాయి, విల్సన్, ట్రాస్క్ ఆ తర్వాత, నెహేలం అసలు నది అన్నిటికన్నా ఆలస్యం. నెహేలం మీద ఆశ పెట్టుకుంటే వారం పట్టొచ్చు. అయితే ఏప్రిల్ కాబట్టి ఒక జాగ్రత్త: కొన్ని చిన్న నదులు, కొన్ని నదుల పైభాగాలు స్టీల్‌హెడ్‌కి మార్చి 31తో మూసేస్తారు. ఏ వంతెన దాకా, ఏ వాగు దాకా తెరిచి ఉందో ఒరెగన్ చేపల శాఖ, అంటే ఓడీఎఫ్‌డబ్ల్యూ, రూల్స్ పుస్తకంలో నార్త్‌వెస్ట్ జోన్ కింద ఉంటుంది. మధ్యలో మారిస్తే సైట్‌లో పెడతారు. వెళ్ళే ముందు రాత్రి చదవండి, హైవే 6 మీద చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు.

మీ పరిస్థితికి నేను చెప్పేది విల్సన్, లేదా నెస్టుక్క. ఈ రెండింట్లో హ్యాచరీ చేపల్లో, అంటే కేంద్రాల్లో పెంచి నదిలో వదిలిన వాటిలో, కొంత భాగం అక్కడి అడవి చేపల (నదిలోనే సహజంగా పుట్టినవి) నుంచే పెంచినవి. అవి ఆలస్యంగా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. నార్త్ ఫోర్క్ నెహేలం హ్యాచరీ చేపలు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లోనే వచ్చి వెళ్ళిపోతాయి, ఏప్రిల్‌లో అటు వెళ్ళి పెద్దగా లాభం లేదు. విల్సన్‌కి ఇంకో సుఖం ఏమిటంటే, పైభాగంలో చాలా మేర టిల్లమూక్ స్టేట్ ఫారెస్ట్ గుండా పారుతుంది, రోడ్డు పక్కన బండి ఆపుకుని దిగొచ్చు. 1933లో మొదలై 1951 దాకా ఆరేళ్ళకోసారి వరసగా తగలబడిన అడవి అది. మీరిప్పుడు చూసే పచ్చదనంలో చాలా భాగం జనం మళ్ళీ నాటిందే. కింద టిల్లమూక్ దగ్గరికొచ్చేసరికి పాడి రైతుల పొలాలు, ప్రైవేటు స్థలాలు. బోర్డు ఉంటే కంచె దాటకండి.

ఏప్రిల్‌లో నదిలో రెండు రకాల చేపలు కలిసి ఉంటాయి. అప్పుడే సముద్రం నుంచి వచ్చినవి వెండిలా మెరుస్తూ, ఒళ్ళు గట్టిగా ఉంటాయి. గుడ్లు పెట్టేసి తిరిగి సముద్రానికి పోయేవి సన్నగా, తల పెద్దగా, తోక అరిగిపోయి ఉంటాయి. సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది గానీ స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి మళ్ళీ సముద్రానికి వెళ్ళి ఇంకోసారి వస్తాయి. తిరిగి వెళ్ళే చేపకి ఆకలెక్కువ, సులువుగా పడుతుంది. హ్యాచరీదైతే ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకున్నా మాంసం పాలిపోయి మెత్తగా ఉంటుంది, కూరకి పనికిరాదు. వదిలేయడం మేలు.

హ్యాచరీదా, అడవిదా అన్నది మాత్రం చేపని చూడగానే తేల్చుకోవాల్సిన విషయం. వీపు రెక్కకీ తోకకీ మధ్య ఒక చిన్న కండ రెక్క ఉంటుంది. హ్యాచరీ పిల్లలకి దాన్ని కత్తిరించి వదులుతారు. అది లేకుండా మానిన మచ్చ ఉంటే హ్యాచరీది, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే అడవిది, ఫొటో కోసం ఒడ్డు మీద పడుకోబెట్టకుండా నీళ్ళలోనే గేలం తీసి వదిలేయండి. వేలెడు పొడవు నుంచి జానెడు దాకా ఉండే వెండి రంగు చిన్న చేపలు కూడా తగులుతాయి. ట్రౌట్ దొరికిందని సంబరపడకండి, అవి సముద్రానికి బయల్దేరిన స్టీల్‌హెడ్, కట్‌త్రోట్ (ఇంకో రకం ట్రౌట్) పిల్లలు. వాటి కోసమే ఈ జోన్‌లో వాగుల్లో, నదుల్లో ట్రౌట్ సీజన్‌ని ఈమధ్య కొన్నేళ్ళుగా మే 22న తెరుస్తున్నారు. అంటే ఏప్రిల్‌లో ట్రౌట్ కావాలంటే సరస్సే గతి, నది కాదు.

నది పట్టు గురించి కాస్త. నీళ్ళు ఎక్కువగా, రంగుగా ఉన్నప్పుడు చేప నడిమధ్య వేగంలో ఉండదు, ఒడ్డు పక్కన నెమ్మదిగా పారే చోటికి జరుగుతుంది. మనవాళ్ళు రాగానే బూట్లతో నీళ్ళలోకి దిగి అవతలి ఒడ్డు దాకా విసురుతారు. చేప అప్పటికే వాళ్ళ కాళ్ళ పక్క నుంచి పారిపోయి ఉంటుంది. ముందు ఒడ్డు మీదే నిలబడి దగ్గర నీళ్ళలో వేయండి. నీళ్ళు తగ్గి తేటగా ఉన్నప్పుడు చేప మడుగు పైతలలో, గులకరాళ్ళ మీద నీళ్ళు నురగలు కక్కుతూ దిగే చోట దాక్కుంటుంది. అప్పుడు సన్నటి లీడర్ (గేలానికి ముందు కట్టే చివరి దారం), చిన్న ఎర, తెల్లవారుజామున. ఎండెక్కాక కష్టం.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది బెండు కింద జిగ్, అంటే సీసం తల ఉన్న గేలానికి ఈకలు కట్టిన ఎర. చేపగుడ్లు, పూసలు, స్పిన్నర్లు (లాగుతుంటే రేకు తిరిగే ఎరలు), అడుగున దొర్లించే ఎరలు అన్నీ పనిచేస్తాయి, కానీ అడుగున దొర్లించేవి రాళ్ళకి పట్టుకుని తెగుతుంటే మొదటి రోజే విసుగొస్తుంది. బెండు అయితే మునిగితే లాగాలి, అంతే, మీ నాన్నగారికి ఎవరూ నేర్పక్కర్లేదు. బెండు నుంచి జిగ్‌కి లోతు ఎంత ఉంచాలన్నదే ఆట: నది నేలకి ఒకటి రెండు అడుగులు పైన తేలుతూ, నీళ్ళ వేగంతోనే వెళ్ళాలి. రంగు నీళ్ళలో గులాబీ, నారింజ. తేట నీళ్ళలో నలుపు, ఊదా. అడుగున గులకరాళ్ళ మధ్య ఒక చోట మాత్రం కడిగినట్టు తెల్లగా, కాస్త గుంటగా కనిపిస్తే అది గుడ్లు పెట్టిన గూడు. దాని మీద కాలు పెట్టకండి.

నీళ్ళ చలి గురించి మాట్లాడాలి. ఏప్రిల్‌లో నది 40లలో ఉంటుంది, ఫారన్‌హీట్. చేపకి 42 దాటితే చాలు, చురుగ్గానే ఉంటుంది. మనిషికి అది ప్రమాదం. నాచు పట్టిన నల్లరాళ్ళు సబ్బులా జారుతాయి. వేడర్స్, అంటే ఛాతీ దాకా వచ్చే నీళ్ళు చొరబడని ప్యాంటు, వేసుకుంటే నడుముకి బెల్టు బిగించడం మర్చిపోవద్దు, పడితే లోపలికి నీళ్ళు నిండకుండా అదే ఆపుతుంది. నా ఉద్దేశంలో మీ నాన్నగారిని నదిలోకి దింపకండి. ఆయన గోదావరిలో ఈదినవారే కావచ్చు, ఈ చల్లదనం వేరు. నది మీ కోసం పెట్టుకోండి. ఆయన్ని సరస్సుకి తీసుకెళ్ళండి, అక్కడే ఆయనకి ఎక్కువ చేపలు పడతాయి కూడా.

ఓడీఎఫ్‌డబ్ల్యూ వాళ్ళు ఫిబ్రవరి, మార్చి నుంచి మే చివరి దాకా తీరం సరస్సుల్లో ట్రౌట్ వదులుతారు. ఏ వారం ఏ సరస్సులో ఎన్ని వదులుతారో పట్టిక ముందే సైట్‌లో ఉంటుంది. అందుకే ట్రౌట్‌కి ఇవాళే తేదీ చెప్పొచ్చన్నది. ఎక్కువగా పది పన్నెండు అంగుళాలవి, కొన్నిసార్లు పెద్దవి కూడా. రాకవే బీచ్‌లో లేక్ లైటిల్, పసిఫిక్ సిటీ దగ్గర టౌన్ లేక్, టిల్లమూక్ పడమర కేప్ మీర్స్ లేక్, ఉత్తరాన ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్క్‌లో కాఫెన్‌బరీ లేక్, కొండ మీద హెబో లేక్. లైటిల్, కేప్ మీర్స్ లోతు తక్కువ, వేసవికి నాచు, కలుపు పట్టేస్తాయి. వాటికి వసంతమే కాలం. పెద్దవాళ్ళకి హెబో చాలా బాగుంటుంది, చెక్క వేదికల మీద నిలబడి వేయొచ్చు. కానీ అది కొండ మీద కాబట్టి ఏప్రిల్ మొదట్లో మంచు ఉండొచ్చు, రోడ్డు తెరిచారో లేదో చూసి వెళ్ళండి.

వదిలిన వారంలో వెళ్తే చేపలు వదిలిన ర్యాంప్ (పడవలు దింపే వాలు) చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. అప్పటిదాకా హ్యాచరీలో గుళికల మేత తిన్నవి కాబట్టి పవర్‌బెయిట్ అనే, కొట్లో దొరికే ఎర ముద్దని వెంటనే నోట పెట్టుకుంటాయి. అది తేలే రకం, కాబట్టి సీసం గుండు అడుగున ఉండి, దాని పైన అడుగున్నర, రెండడుగుల లీడర్ మీద ముద్ద తేలాలి. లీడర్ మరీ పొట్టిగా ఉంటే ముద్ద అడుగున కలుపులో కూరుకుపోతుంది. రెండు వారాలు గడిస్తే చేపలు సరస్సంతా పరుచుకుని పురుగులు తినడం నేర్చుకుంటాయి. అప్పుడు బెండు కింద వానపాము, లేదా చిన్న స్పిన్నర్ మెల్లగా లాగడం. వానపాము దగ్గర మీ నాన్నగారు మీకే పాఠం చెప్తారు. తీరంలో వసంతంలో మధ్యాహ్నం నుంచి వాయవ్యం గాలి లేస్తుంది, సరస్సు మీద అలలు, చేతులు కొంకర్లు. పదకొండు లోపు పని కానిచ్చుకోవడం మంచిది.

నా లెక్కలో మీ ప్లాన్ ఇలా ఉండాలి. స్టాకింగ్ పట్టిక చూసి ఏప్రిల్‌లో ఒక శనివారం ఖాయం చేసుకోండి, సరస్సు కోసం. శుక్రవారం రాత్రి విల్సన్ గేజ్ చూడండి. బాగుంటే తెల్లవారి రెండు గంటలు నది దగ్గర మీరు వేసి, ఆయన ఒడ్డున ఫ్లాస్కులో కాఫీ తాగుతూ సలహాలిచ్చి, తొమ్మిదికల్లా లేక్ లైటిల్. బాగోకపోతే నేరుగా సరస్సు. రెండు మార్గాల్లోనూ వచ్చేటప్పుడు టిల్లమూక్ చీజ్ ఫ్యాక్టరీలో ఐస్‌క్రీమ్ ఉంది, ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు వస్తామంటే దాని కోసమే వస్తారు.

లైసెన్స్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 12 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఎవరి లైసెన్స్ వాళ్ళకే కావాలి. "నాన్న రెండు నిమిషాలు రాడ్ పట్టుకున్నారంతే" అన్నా ఒప్పుకోరు. విజిటర్ వీసా మీద వచ్చినవారికి రోజువారీ లైసెన్సులు అమ్ముతారు. మీ ఏడాది లైసెన్స్‌కి అదనంగా కంబైన్డ్ యాంగ్లింగ్ ట్యాగ్ ఉండాలి, అది లేకుండా స్టీల్‌హెడ్ కోసం గేలం వేయకూడదు. చేప ఉంచుకుంటే అక్కడికక్కడే ఓడీఎఫ్‌డబ్ల్యూ యాప్‌లో ట్యాగ్ చేయాలి, అంటే పట్టినట్టు నమోదు చేయాలి, సిగ్నల్ లేకపోయినా యాప్ పనిచేస్తుంది, ముందే లాగిన్ అయి ఉండండి. సరస్సుల్లో మనిషికి రోజుకి ఐదు ట్రౌట్, ఎనిమిది అంగుళాలకి తగ్గకూడదు. మీ ఐదు నిండాక నాన్నగారి లెక్కలో మీరు పట్టడం కుదరదు. ఇంకోటి, ఏటా ఎవరో ఒక బాబాయిగారు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: విసురు వల ఇండియా నుంచి తేవద్దు. ట్రౌట్‌కి, స్టీల్‌హెడ్‌కి వల వేయడం ఇక్కడ నేరం.

వండటం గురించి మీరు అడగలేదు గానీ ఆయన అడుగుతారు. ట్రౌట్‌కి పొలుసు చాలా సన్నం, గీకక్కర్లేదు. పొట్ట కోసి, వెన్నెముక వెంట ఉండే నల్లటి నెత్తురు గీత బొటనవేలితో తోసి కడిగితే చాలు. పులుసు పెడితే స్టాకింగ్ ట్రౌట్ విరిగి ముద్దవుతుంది, చర్మంతోనే కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించండి. పులుసు పెట్టాలని పట్టుబడితే వెండి రంగు హ్యాచరీ స్టీల్‌హెడ్ దొరికిన రోజు పెట్టండి, ముక్క గట్టిగా నిలబడుతుంది, చింతపండు కాస్త తగ్గించండి.